పాత ఫైబర్‌గ్లాస్ క్యాంపర్ ట్రైలరు కొనాలంటే ముందు దాని కిందికి దూరి చూడాలి

ఉత్తర అమెరికాలో అమ్మకానికి వచ్చే పాత క్యాంపర్ ట్రైలర్లలో, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చిన్న ఇళ్ళలాంటి బళ్ళలో, నలభై యాభై ఏళ్ళు గడిచాక కూడా డబ్బు పెట్టి కొనదగినవి అచ్చులో పోసిన ఫైబర్‌గ్లాస్ ట్రైలర్లేనని నా గట్టి నమ్మకం. గుడ్డు ఆకారంలో, చిన్న కార్ల వెనక సాగిపోయే ఆ బళ్ళను ఇక్కడి హైవేల మీద మీరు చూసే ఉంటారు. కిందటి వసంతకాలంలో మేము మా మొదటి ట్రైలరుగా 1979 నాటి పదమూడు అడుగుల స్కాంప్ కంపెనీ ట్రైలరు ఒకటి కొన్నాము. కొనే ముందు నెలల తరబడి చదివినదీ, కొనేటప్పుడు మా మామయ్యగారి పక్కన నిలబడి నేర్చుకున్నదీ, కొన్నాక బాగుచేయించుకుంటూ తెలుసుకున్నదీ కలిపి చూసుకుంటే నాకు తేలినది ఒకటే. పై గుల్ల ఎలాగూ నిలుస్తుంది, కాబట్టి ధర కట్టవలసినది దానికి కాదు, దాని కింద ఉన్న ఇనుముకూ, లోపల ఉన్న చెక్కకూ.

మేము మినియాపొలిస్ శివారులోని ఈడెన్ ప్రెయిరీలో ఉంటాము. మిన్నెసోటాలో వేసవి చాలా చిన్నది. ఆ కొద్ది నెలల్లో జనం సరస్సుల దగ్గరికీ అడవుల్లోకీ వెళ్ళిపోతారు. మేమూ పిల్లలతో ఐటాస్కా స్టేట్ పార్కుకూ, సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న గూస్‌బెర్రీ జలపాతాల దగ్గరికీ వెళ్ళి గుడారం వేసుకునేవాళ్ళం. అయితే తెనాలి నుంచి అత్తయ్యగారూ మామయ్యగారూ వచ్చినప్పుడు ఆ గుడారం పనికిరాదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను నేల మీద పడుకోబెట్టలేము. పోనీ హోటలు గది తీసుకుందామా అంటే వంటకు వీలుండదు, వంట లేకపోతే అత్తయ్యగారు ఎన్నాళ్ళైనా అరటిపండ్లూ పెరుగుతో గడిపేస్తారు తప్ప బయటి తిండి ముట్టరు. చిన్న స్టవ్వు, రైస్ కుక్కరుకు కరెంటు, మోకాలి ఎత్తున పడక, వాన పడితే కారని కప్పు, మాకు కావలసినవి ఇంతే. మా టయోటా సియన్నా వ్యాను లాగగలిగే బరువు కంపెనీ లెక్క ప్రకారం 3,500 పౌండ్లు. కొత్త ట్రైలర్లలో చాలావాటి ఖాళీ బరువే దానికి దగ్గరగా వచ్చేస్తుంది. పదమూడు అడుగుల ఫైబర్‌గ్లాస్ ట్రైలరు మాత్రం సామానంతా నింపినా సాధారణంగా రెండు వేల పౌండ్ల లోపలే ఉంటుంది. ఆ పదమూడు అడుగుల్లో కారుకు తగిలించడానికి ముందుకు పొడుచుకొచ్చే ఇనుప మెడ కూడా కలిసే ఉంటుంది గనుక లోపలి గది సుమారు పది అడుగులే ఉంటుందని ముందే తెలుసుకోవడం మంచిది.

ఇవి ఎందుకు నిలుస్తాయో అర్థం కావాలంటే మామూలు ట్రైలరు ఎందుకు పాడవుతుందో చూడాలి. మామూలు ట్రైలరులో సన్నని చెక్క చట్రం కట్టి, దాని మీద అల్యూమినియం రేకులు బిగించి, మూలల్లోనూ కప్పు అంచుల్లోనూ అతుకులను లప్పంతో మూస్తారు. బండి ప్రయాణంలో అదురుతూనే ఉంటుంది కాబట్టి కొన్నేళ్ళకు ఆ అతుకులు విచ్చుకుంటాయి. నీళ్ళు గోడలోకి దిగుతాయి, బయటికి రేకు మెరుస్తూనే ఉంటుంది, లోపల చెక్క పుచ్చిపోతుంది. ఫైబర్‌గ్లాస్ ట్రైలరు తయారీ వేరు. నున్నటి పెద్ద అచ్చు లోపల ముందుగా జెల్‌కోట్ అనే రంగు పొర కొట్టి, దాని మీద పాలియెస్టర్ రెసిన్‌తో కలిపి గాజు పోగులను చిమ్ముతారు. అది గట్టిపడ్డాక అచ్చులోంచి తీస్తారు. పై సగం ఒక ముక్క, కింది సగం ఒక ముక్క. రెండింటినీ నడుము దగ్గర కలిపి, లోపలి వైపు నుంచి మళ్ళీ ఫైబర్‌గ్లాస్‌తోనే అతికి, బయటి గీత మీద ఒక పట్టీ వేస్తారు. అంటే ట్రైలరు మొత్తానికి గుల్లలో ఉన్న అతుకు అదొక్కటే, అదీ నీళ్ళు నిలవని నిటారు గోడ మీద. గోడల్లో పుచ్చడానికి చెక్క ఉండదు.

ఈ తరహా చిన్న ట్రైలరుకు ఊపు ఇచ్చినది కెనడాలోని విన్నిపెగ్. అక్కడ రే ఒలెకో అనే ఆయన 1968లో బోలర్ ట్రైలరు తయారుచేశాడు. అంతకు ముందు ఆయన ఫైబర్‌గ్లాస్‌తో సెప్టిక్ ట్యాంకు రూపొందించినవాడు. నేలలో పూడ్చినా చెడని పదార్థంతో తేలికైన ఇల్లు చేయవచ్చని ఆయనకు తోచడంలో ఆశ్చర్యం లేదు. ఆ తరువాత 1970లలో మిన్నెసోటాలోని బ్యాకస్ అనే చిన్న ఊరిలో స్కాంప్, ఒంటారియోలో ట్రిల్లియం, 1980లలో టెక్సస్‌లో కసీటా వచ్చాయి. గోడలకు రెండు పొరల గుల్ల ఉండే బర్రో అనే ట్రైలర్లూ, అద్దెకు ఇవ్వడానికని యూహాల్ సంస్థ 1980ల మధ్యలో తెచ్చి తరువాత అమ్మేసిన చిన్న ట్రైలర్లూ ఇప్పటికీ అడపాదడపా అమ్మకానికి వస్తుంటాయి. వీటిలో చాలా కంపెనీలు మూతపడ్డాయి. స్కాంప్ మాత్రం 2006లో కర్మాగారం కాలిపోయినా మళ్ళీ నిలబెట్టుకొని అదే ఊరిలో నేటికీ ట్రైలర్లు చేస్తోంది, పాతవాటికి కిటికీ రబ్బర్లూ రివెట్లూ తాళాలూ అమ్ముతోంది. మొదటిసారి కొనేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. ఎంత అందమైన ట్రైలరైనా దాని కిటికీ రబ్బరు ప్రపంచంలో ఎక్కడా దొరకకపోతే ఆ అందం మొదటి పెద్ద వానదాకానే. మేము స్కాంప్ మీద పట్టుబట్టడానికి కారణం అదే.

ప్రకటనలు చూడడం మొదలుపెట్టాక ఒక సంగతి గమనించాను. అమ్మేవాళ్ళు ఎక్కువగా పెట్టే ఫొటోలు లోపలివి. కొత్త పరుపులు, పూల కర్టెన్లు, చిన్న చిన్న దీపాల తోరణాలు, కొత్తగా వేసిన పాలపిట్ట రంగు. కింది భాగం ఫొటో అడిగితే సగం మంది జవాబివ్వలేదు. జవాబివ్వని వాటిని మేము అక్కడే వదిలేశాము. పెయింటు విషయంలో నాకు ఖచ్చితమైన అభిప్రాయం ఉంది. ఎండకు వెలిసి, చేత్తో రుద్దితే సుద్దపొడిలా అంటుకునే అసలు జెల్‌కోట్ ఉన్న ట్రైలరే కొత్తగా రంగు వేసినదానికన్నా మేలు. వెలిసిన జెల్‌కోట్‌ను కడిగి, నీళ్ళతో తడిపి వాడే గరుకు కాగితంతో రుద్ది, పాలిష్ చేసుకోవచ్చు. రంగు కింద ఏ పగులు పూడ్చారో, ఏ కన్నం మూసారో కొనేవాడికి కనిపించదు.

మేము కొన్న ట్రైలరు బ్రైనర్డ్ ఊరికి అవతల ఒక వృద్ధ దంపతుల దగ్గర దొరికింది. వాళ్ళు 7,500 డాలర్లు అడుగుతున్నారు. కింది భాగం ఫొటోలు అడిగిన వెంటనే పంపారు, తుప్పు కనిపిస్తున్నా దాచలేదు. ఆ వారాంతంలో మామయ్యగారిని తీసుకొని వెళ్ళాను. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ట్రైలరు ఇల్లు ఎలా ఉంటుందో ఆయనకు అంతకు ముందు తెలియదు గానీ, బరువు మోసే ఇనుము ఎక్కడ అలసిపోతుందో చేతి వేళ్ళకు తెలుసు. అమ్మే పెద్దాయన మర్యాదగా తలుపు తీసి లోపలికి రమ్మంటుంటే, మామయ్యగారు నవ్వి నమస్కారం పెట్టి, అట్టముక్క ఒకటి అడిగి తీసుకొని, దాని మీద వెల్లకిలా పడుకొని టార్చిలైటుతో బండి కిందికి జరిగిపోయారు.

కింద చూడవలసినవి రెండు, చట్రమూ ఇరుసూ. పదమూడు అడుగుల స్కాంప్, బోలర్ ట్రైలర్లలో చట్రానికి ఒక తెలిసిన బలహీనత ఉంది. వెనక నుంచి తిన్నగా వచ్చిన రెండు ఇనుప దూలాలూ గుల్ల ముందు భాగం కిందికి వచ్చేసరికి వంగి, దగ్గరగా జరిగి, మెడగా మారతాయి. లాగేటప్పుడు పడే బలమంతా ఆ వంపు దగ్గరే పోగుపడుతుంది గనుక దశాబ్దాల అదురుకు అక్కడ పగులు పుడుతుంది. ఆ పగులు మొదట్లో వెంట్రుక మందాన ఉంటుంది, పైన రంగు ఉంటే కంటికి ఆనదు. మామయ్యగారు ముందుగా తీగబ్రష్షుతో ఆ చోటును శుభ్రం చేశారు. తరువాత బొటనవేలి గోరును దూలం అంచు వెంబడి నెమ్మదిగా జరిపారు. ఆపైన చిన్న సుత్తితో దూలం పొడవునా తట్టుకుంటూ వచ్చారు. కుడివైపు దూలం మొదటి నుంచి చివరిదాకా ఒకే స్వరంలో మోగింది. ఎడమవైపు వంపు దగ్గర మాత్రం శబ్దం బొంగురుపోయింది. అక్కడ గోరు ఆగింది. "అల్లుడుగారూ, ఇటు వంగి చూడండి, తుప్పు గీత చూశారా? మంచి ఇనుము మీద తుప్పు మచ్చలుగా పడుతుంది, గీతలాగా ఉంటే లోపల నోరు తెరిచిందనే లెక్క" అన్నారు. అది దూలం కింది అంచు నుంచి అంగుళం పైకి పాకిన పగులు. కొనడం మానుకోవలసినంత పెద్దది కాదు, పగులు చివర రంధ్రం వేసి, వెల్డింగు చేసి, పక్కన దళసరి పలక అతికితే నిలుస్తుంది. అయితే ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ధర మాట్లాడేటప్పుడు తేలవలసిన సంగతి.

తరువాత ఇరుసు. మామయ్యగారికి ఇక్కడ మొదట కొంత తికమక కలిగింది. "కమాన్ పట్టీలేవండీ? చక్రం దేని మీద ఊగుతోంది?" అని అడిగారు. లారీల కింద స్ప్రింగుల్లా పనిచేసే ఆ కమాన్ పట్టీలు ఈ ట్రైలర్లకు ఉండవు. నలుచదరపు ఇనుప గొట్టం లోపల ఒక కడ్డీ ఉంటుంది, కడ్డీకీ గొట్టానికీ మధ్య రబ్బరు కడ్డీలు బిగించి ఉంటాయి. లోపలి కడ్డీ చివర ఒక పొట్టి ఇనుప చేయి, ఆ చేతి చివర చక్రం. చక్రం గుంటలో పడినప్పుడు చేయి పైకి లేచి, కడ్డీ మెలిపడి, రబ్బరును నొక్కుతుంది. ఆ రబ్బరే స్ప్రింగు. శబ్దం లేదు, నూనె అక్కరలేదు, సంరక్షణ అక్కరలేదు. కానీ రబ్బరుకు వయసుంటుంది. ఇరవై, ముప్పై ఏళ్ళు గడిచేసరికి అది బిగుసుకుపోయి, నొక్కుకుపోయిన చోటే ఉండిపోతుంది. ఆ తరువాత చక్రం ఊగదు, ప్రతి గుంట దెబ్బా నేరుగా చట్రానికీ, చట్రం నుంచి గుల్లకూ, రివెట్లకూ, అలమరలకూ చేరుతుంది. చట్రం వంపు దగ్గర పగులు పుట్టడానికి చాలాసార్లు అసలు కారణం చచ్చిపోయిన ఇరుసే.

దీన్ని కనిపెట్టడానికి పరికరాలేవీ అక్కరలేదు. ట్రైలరు నేల మీద నిలబడి ఉండగా పక్క నుంచి చూసి, ఆ పొట్టి చేయి చక్రం వైపు కిందికి వాలి ఉందా, సమంగా ఉందా, పైకి లేచి ఉందా గమనించాలి. కిందికి వాలి ఉంటే ప్రాణం ఉన్నట్లు, పైకి లేచిపోయి ఉంటే దాని పని అయిపోయినట్లు. రెండో పరీక్షగా, ఇరుసు కింద కాకుండా చట్రం కింద జాకీ పెట్టి నెమ్మదిగా ఎత్తాలి. బాగున్న ఇరుసైతే బండి పైకి లేస్తున్నా చక్రం కొంతదూరం కిందికి జారుతూ నేలను అంటిపెట్టుకొనే ఉంటుంది, చచ్చినదైతే బండితో పాటే చక్రమూ వెంటనే లేచిపోతుంది. మేము చూసిన ట్రైలరులో చేయి స్పష్టంగా పైకి లేచి ఉంది, జాకీ ఎత్తగానే చక్రం నేలను వదిలేసింది. ఈ ఇరుసును విప్పి లోపల రబ్బరు మార్చడం కుదరదు, మొత్తం మార్చవలసిందే. నలభై ఏళ్ళు దాటిన ట్రైలరులో ఇరుసు ఎప్పుడు మార్చారని అడిగితే "అది బాగానే నడుస్తోంది" అనే జవాబు వస్తే, మార్చలేదని లెక్కవేసుకొని, కొత్త ఇరుసుకూ బిగింపుకూ కలిపి వెయ్యి డాలర్ల పైచిలుకు పక్కన పెట్టుకోవడం మంచిది.

లోపలికి వెళ్ళాక ముందు చూడవలసినది నేల. గుల్ల ఫైబర్‌గ్లాసే అయినా స్కాంప్ నేల చెక్కపలకే, కింది వైపు రెసిన్ పూత వేసి ఉంటుంది. ఆ పూత కింది నుంచి వచ్చే నీళ్ళను ఆపుతుంది. పై నుంచి కారిన నీళ్ళు మాత్రం అక్కడే నిలిచి చెక్కను మెత్తబరుస్తాయి. తలుపు గడప దగ్గర, చక్రాల గూళ్ళ చుట్టూ, ముందు మూలల్లో మడమతో గట్టిగా అదిమి చూడాలి. సీట్ల కింది పెట్టెల మూతలు తీసి, పరిచిన గుడ్డ ఎత్తి, దబ్బనంతో పొడవాలి. మంచి చెక్కలో దబ్బనం మొన ఆగుతుంది, పుచ్చినదానిలో దిగిపోతుంది. మాదాంట్లో గడప దగ్గర అరచేతి వెడల్పున మెత్తబడింది, తక్కినదంతా గట్టిగా ఉంది. తలుపులు మూసి కొంతసేపు లోపల కూర్చొని వాసన చూడడం కూడా పరీక్షే. పాత బట్టల పెట్టె వాసనకూ బూజు వాసనకూ తేడా ఎవరికైనా తెలుస్తుంది.

ఇక రివెట్లు. ఈ ట్రైలర్లను ప్రేమించేవాళ్ళు కూడా వీటి గురించి తక్కువగా మాట్లాడతారు గానీ, వానలో తడి ఎక్కువగా వచ్చేది వీటి నుంచే. లోపలి అలమరలనూ పై అరలనూ గోడకు బిగించడానికి గుల్లకు కన్నాలు చేసి, బయటి నుంచి అల్యూమినియం రివెట్లు కొట్టి, తలల మీద చిన్న ప్లాస్టిక్ టోపీలు తొడుగుతారు. ప్రతి రివెట్టూ గోడలో ఒక కన్నమే. ఎండకు టోపీ పగిలి ఊడిపోతుంది, అదురుకు రివెట్టు వదులవుతుంది, దాని నడుమ నుంచి ఒక్కో చుక్క లోపలికి దిగుతుంది. చిక్కేమిటంటే ఆ చుక్క దిగిన చోట కనిపించదు. పాత ట్రైలర్లలో గోడకు లోపలి వైపు ఎన్సోలైట్ అనే మెత్తని నురుగు పొర అంటించి ఉంటుంది. నీళ్ళు ఆ పొర వెనక జారి, ఎక్కడో సీటు కింద బయటపడతాయి. అందుకని తడి కనిపించిన చోటును కాదు, దానికి పైన ఉన్న ప్రతి రివెట్టునూ అనుమానించాలి. పై అరలు తెరిచి, రివెట్టు చుట్టూ వేలితో తడిమి చూస్తే, కారినదాని చుట్టూ గోధుమ రంగు వలయం కనిపిస్తుంది. అమ్మేవాళ్ళు ఒప్పుకుంటే గొట్టంతో కప్పు మీద నెమ్మదిగా నీళ్ళు వదిలి, లోపల ఒకరు టార్చిలైటుతో నిలబడడం అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి. ఆ పెద్దాయన తానే గొట్టం పట్టుకున్నారు. ఎడమవైపు అరలో రెండు చోట్ల, కప్పు మీది గాలి కిటికీ ఒక మూలన తడి కనిపించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పక చెప్పాలి. కారిన చోటల్లా సిలికాన్ లప్పం పూసిన ట్రైలరు చూస్తే ధర తగ్గించి అడగండి. సిలికాన్ పట్టు వదిలాక దాని మీద ఇంకేదీ అంటుకోదు, మళ్ళీ సిలికాన్ కూడా సరిగా పట్టదు, దాన్ని గీకి తీయడం వారాల పని. కిటికీ చట్రాలకూ గాలి కిటికీకీ కింద పరచవలసినది బ్యూటైల్ అనే జిగట రబ్బరు పట్టీ. అది గట్టిపడకుండా సాగుతూ ఉంటుంది, మళ్ళీ ఎప్పుడైనా విప్పవలసి వస్తే శుభ్రంగా ఊడి వస్తుంది.

గుల్ల మీద సాలెగూడులాంటి సన్నని పగుళ్ళు చూసి భయపడనక్కరలేదు, చాలావరకు అవి జెల్‌కోట్ పొరలోనే ఉంటాయి. లోపలి దాకా చీలిన పగులైనా గాజు గుడ్డా రెసినూ తెచ్చుకొని ఇంటి దగ్గరే మరమ్మతు చేసుకోవచ్చు. ఈ పదార్థంతో ఉన్న గొప్ప సౌకర్యం అదే.

తక్కినవి త్వరగా చెబుతాను. గ్యాసుతో నడిచే పాత ఫ్రిజ్ వెనక పసుపు రంగు పొడి కనిపించినా, అమ్మోనియా వాసన వచ్చినా అది పోయినట్లే, దానికి విలువ కట్టవద్దు. గ్యాసు గొట్టం అతుకులకు సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. పాత రెగ్యులేటరును చూడకుండానే మార్చేయాలి. గ్యాసు, కార్బన్ మోనాక్సైడ్ కనిపెట్టే అలారాలు కొత్తవి పెట్టకుండా లోపల ఎవరూ నిద్రపోకూడదు. టైర్ల అరుగుదల చూసి మోసపోవద్దు. పక్కన ముద్రించిన చివరి నాలుగు అంకెలు చూడాలి. 2314 అని ఉంటే అది 2014వ సంవత్సరం ఇరవై మూడో వారంలో తయారైనదని అర్థం. ఆరేళ్ళు దాటిన ట్రైలరు టైరుకు గాళ్ళు ఎంత లోతుగా ఉన్నా దాన్ని నమ్మి హైవే ఎక్కడం నాకు ఇష్టం లేదు. వెనక దీపాలు వెలగకపోతే ముందు అనుమానించవలసినది బల్బును కాదు, తుప్పుపట్టిన ఎర్తు తీగను.

కాగితాల విషయం ప్రతి రాష్ట్రంలోనూ ఒకే తీరుగా ఉండదు. తేలికైన పాత ట్రైలర్లకు కొన్ని చోట్ల యాజమాన్య పత్రమే ఇవ్వరు, కొన్ని చోట్ల అది లేనిదే రిజిస్ట్రేషన్ చేయరు. వేరే రాష్ట్రం నుంచి గానీ కెనడా నుంచి గానీ వచ్చినదాన్ని కొనేటప్పుడు డబ్బు ఇవ్వకముందే మీ ప్రాంత రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడిగి తెలుసుకోవడం తప్పనిసరి. కాగితం మీది నంబరూ ట్రైలరు మీది నంబరూ ఒకటేనా అని స్వయంగా కళ్ళతో చూసుకోవాలి. మాకు అమ్మినవాళ్ళ దగ్గర పత్రం ఉంది, నంబరు కలిసింది.

ధర దగ్గర మేము బేరమాడలేదు, లెక్క చెప్పాము. ఇరుసుకు ఇంత, చట్రం వెల్డింగుకు ఇంత, టైర్లకు ఇంత అని ఒక కాగితం మీద రాసి ఆ దంపతుల ముందు పెట్టాను. గడప దగ్గరి చెక్కనూ రివెట్లనూ అందులో రాయలేదు, ఎందుకంటే ఆ వయసున్న ట్రైలరు కొనేవాడు ఆ మాత్రం పని తన చేత్తో చేసుకోవడానికి సిద్ధపడాలి. పెద్దాయన కాగితం రెండుసార్లు చదివి, మామయ్యగారి వైపు చూసి, కిందికి వచ్చి పగులు తనకూ చూపించమన్నారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ ఆ అట్టముక్క మీద పక్కపక్కన పడుకొని, వేళ్ళతో చూపించుకుంటూ చాలాసేపు మాట్లాడుకున్నారు. 5,800కు ఒప్పుకున్నారు.

ఇంటికి లాక్కొచ్చే ముందు హిచ్ బంతి (వ్యాను వెనక ఉండి, ట్రైలరు మెడ చివరి గిన్నె కూర్చునే ఇనుప గుండు) కొలత సరిచూసుకోవాలి. పాత ట్రైలర్లలో చాలావాటికి అది 1 7/8 అంగుళాలు, ఇప్పటివాటికి మామూలుగా రెండు అంగుళాలు. రెండంగుళాల గిన్నెలో చిన్న బంతి పెడితే చూడడానికి కూర్చున్నట్లే ఉంటుంది గానీ మొదటి ఎగుడుదిగుడులో ఊడిపోతుంది. కొలత గిన్నె మీదే ముద్రించి ఉంటుంది. గొలుసులు రెండింటినీ మెడ కింద అడ్డంగా దాటించి తగిలించాలి, బంతి ఊడినా మెడ ఆ గొలుసుల మీద పడుతుంది, రోడ్డు మీద కాదు. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం వరకు హిచ్ మీద పడాలి. అంతకన్నా తక్కువైతే ట్రైలరు వెనక తోక ఊపుతుంది, అది చాలా ప్రమాదం. సామానంతా వెనక సర్దడం ఇందుకే కూడదు. చచ్చిన ఇరుసుతో హైవే ఎక్కకుండా, పాత ఊళ్ళ రోడ్ల మీదుగా నిదానంగా వచ్చాము.

ముందు చట్రం వెల్డింగు, తరువాతే ఇరుసు. కొత్త ఇరుసు ఆర్డరు ఇవ్వాలంటే చక్రాల మధ్య కొలత, చట్రం దూలాల మధ్య కొలత, మోయవలసిన బరువు, చేయి ఎంత కోణంలో కిందికి వాలాలో చెప్పాలి. మేము 22.5 డిగ్రీలు కిందికి వాలేది తెప్పించుకున్నాము. అందువల్ల ట్రైలరు కొద్దిగా ఎత్తు కూడా పెరిగింది. దానితో పాటే విద్యుత్ బ్రేకులు పెట్టించి, వ్యానులో కంట్రోలరు బిగించాము. ఇంత తేలికైన బండికి బ్రేకులు ఎందుకని అడిగేవాళ్ళున్నారు. కాలిఫోర్నియాలాంటి చోట 1,500 పౌండ్లు దాటగానే చట్టమే అడుగుతుంది. చట్టం అడగని చోట కూడా, దులూత్ ఊళ్ళోకి దిగే ఆ పొడవాటి వాలులో పిల్లలు వెనక సీట్లో ఉండగా బ్రేకు తొక్కినవాళ్ళకు వేరే కారణం చెప్పనక్కరలేదు. వాహన పూజకు మేపుల్ గ్రోవ్ గుడికి తీసుకెళదామని అత్తయ్యగారు మొదటి వారంలోనే అన్నారు. ఇరుసు మారేదాకా నిమ్మకాయలు కొనవద్దని మామయ్యగారు పట్టుబట్టారు, ఆయన మాటే నెగ్గింది.

ఒక్క విషయంలో మాత్రం చాలామంది కొత్త యజమానులతో నాకు మాట కలవదు. కొన్న ఉత్సాహంలో లోపలి పాత బీరువానూ పై అరలనూ పీకేసి, ఖాళీ గదిని తెల్లగా పెయింటు చేసి ఫొటోలు పెడుతుంటారు. ఆ బీరువా బట్టల కోసం మాత్రమే పెట్టినది కాదు. కప్పుకూ నేలకూ మధ్య నిలబడి, పలుచని గుల్ల కిందికి కుంగకుండా మోసేది అదే. దాన్ని తీసేసిన ట్రైలర్లలో కొన్నాళ్ళకు కప్పు నడుమ గుంట పడి వాన నీళ్ళు నిలుస్తాయి, గోడ వంపు మారి తలుపు పైనో కిందో ఎడంగా నిలుస్తుంది. పాత ట్రైలరు చూడడానికి వెళ్ళినప్పుడు తలుపు మూసి, దాని వంపు గోడ వంపుతో చుట్టూ కలుస్తోందో లేదో చూడమని చెప్పేది ఇందుకే. మా ట్రైలరులో తలుపు ఇప్పటికీ సరిగ్గా కూర్చుంటోంది. అత్తయ్యగారు ఆ బీరువాలో కింది అర బియ్యం డబ్బాకూ పప్పుల సీసాలకూ తీసుకున్నారు. ఎడమవైపు రివెట్లు కొత్తవి కొట్టడం అయిపోయింది. గాలి కిటికీ కింద బ్యూటైల్ మార్చే పని, గడప దగ్గరి చెక్క కోసి కొత్తది అతికే పని, మంచు కరిగాక మే నెలలో పెట్టుకుంటాము.